బండికి తీసిన కొలతలు

దర్జీ మెడ పట్టేసి మూడు నెలలైంది. మొదటి నెల దాన్ని లెక్కచేయలేదు. "మెడ నొప్పి లేని దర్జీ పని ఎగ్గొడుతున్నట్టే" అని బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో హాస్యాలాడాడు. రెండో నెలలో ఎవరైనా పక్కనుంచి పిలిస్తే తల ఒక్కటీ తిరగక, బీరువా జరిపినట్టు మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. మూడో నెలలో భార్య చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "తల వంచి చేసే పనులు మానుకోవాలి" అన్నాడు.

"నేను దర్జీనండీ. తల ఎత్తి కుడితే బట్టతో పాటు వేలు కూడా కుట్టేసుకుంటాను."

"సరే, అది కాక ఇంకేం చేస్తారు తల వంచి?"

భార్య ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "ఆదివారం ఆదివారం మోటారు సైకిలు తోలతారండీ. హ్యాండిల్ ఎక్కడో కింద ఉంటుంది. దాని మీద బోర్లా పడుకున్నట్టు వంగి, మెడ మాత్రం పైకెత్తి తోలతారు."

డాక్టరు మొహం వెలిగిపోయింది. రోగం దొరికినప్పుడు డాక్టర్లకు కలిగే ఆనందం రోగికి ఎప్పుడూ కలగదు. "అదే, అదే! కుట్టుపని మానలేరు. బండి మానేయండి."

ఆ హ్యాండిల్ సంగతి కొంచెం చెప్పాలి. బండితో పాటు వచ్చింది కాదది. ఇరవై ఆరేళ్ళ వయసులో, నడుము విల్లులా వంగే రోజుల్లో, షోకు కోసం దర్జీ స్వయంగా పెట్టించుకున్నది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు గడిచాయి. బండి అలాగే ఉంది, హ్యాండిల్ అలాగే ఉంది, నడుము మాత్రం అలా లేదు.

ఆ బండి మీద వాళ్ళు వెళ్ళేది వారానికి ఒక్కసారే. ఆరు రోజులు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంటి ముందుగదిలోనే ఉంటారు. అతను కత్తిరించి కుడతాడు, ఆవిడ కాజాలు తీసి గుండీలు కుడుతుంది. మిషను చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. వినపడ్డా, "ఆ నీలం చొక్కా ఏది?" లాంటి మాటలే. ఆదివారం పొద్దున బండెక్కి ఊరు దాటితేనే వాళ్ళు దర్జీ, దర్జీ భార్య కాకుండా మామూలు మనుషులవుతారు. ఆ షికారు పోతే తనకింక ఏం మిగులుతుందా అని దర్జీ ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేదాకా దిగులుపడ్డాడు.

ఇంటికొచ్చి, బండి ముందు నిలబడి, "ఏం చేద్దామంటావ్?" అని భార్యని అడిగాడు. కొంచెం బతిమాలుతుందని ఆశ.

"మీ మెడకంటే ఈ ఇనుము ఎక్కువా? పోతే పోయింది, ఎవరికైనా ఇచ్చేయండి" అంది ఆవిడ, లోపలికి పోతూ.

ఆ మాట దర్జీకి ముల్లులా గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా వెనక కూర్చున్న మనిషి 'పోతే పోయింది' అనేసింది! ఇన్నాళ్ళూ తన సరదా కోసమే వచ్చిందన్నమాట. ఆ రోషంలోనే బామ్మర్దికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా బండి నువ్వు తీసుకో. ఆదివారం వచ్చి పట్టుకుపో."

బామ్మర్ది ప్లంబరు. ఇరవై ఏళ్ళుగా ఆ బండి మీద వాడికి కన్ను. అక్కని చూడటానికని వచ్చి బండిని చూసి వెళ్ళేవాడు. "ఆదివారం దాకా ఎందుకు బావా, ఇప్పుడే వస్తా" అన్నాడు. ఆదివారమే అని దర్జీ గట్టిగా చెప్పాక ఫోను పెట్టేసి, నేరుగా వెళ్ళి కొత్త హెల్మెట్ కొనుక్కున్నాడు.

సోమవారం పొద్దున ఒక లావుపాటి మనిషి పాత చొక్కా పట్టుకుని దుకాణానికి వచ్చాడు. పొట్ట దగ్గర గుండీలు పట్టట్లేదట. "ఇంటావిడేమో నన్ను తగ్గమంటోంది. ఈ చొక్కా కోసమైనా తగ్గాలంటారా?" అని అడిగాడు.

దర్జీ ఈ ప్రశ్నకి నలభై ఏళ్ళుగా ఒకటే జవాబు చెప్తున్నాడు. "మనిషిని చొక్కాకి సరిపెట్టకూడదండీ. చొక్కానే మనిషికి సరిపెట్టాలి." అన్నాక, టేపు చేతిలో అలాగే ఆగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది తన తెలివి! ఊళ్ళో అందరి బట్టలూ ఆల్టర్ చేసే మనిషికి, తన బండిని ఆల్టర్ చేసుకోవచ్చని తోచలేదు. లావుపాటాయన చొక్కా అక్కడే వదిలేసి మళ్ళీ బామ్మర్దికి ఫోను కొట్టాడు.

"ఒరేయ్, ఒక షరతు. హ్యాండిల్ మార్చి ఎత్తైనది పెడుతున్నా. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల బయల్దేరి గుట్ట మీద నీళ్ళ ట్యాంకు దాకా వెళ్తా. మెడ నొప్పి పుట్టకపోతే బండి నాది. పుట్టినా, పన్నెండు లోపల కదలకపోయినా, నీది."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటావా బావా?"

"వెనక్కి తీసుకోవట్లేదురా. కొంచెం ఆల్టర్ చేస్తున్నా."

"హెల్మెట్ కొనేశాను బావా" అన్నాడు బామ్మర్ది, దీనంగా. అయినా ఒప్పుకున్నాడు. బావ మెడ మీద వాడికి అంత నమ్మకం.

ఆ సాయంత్రమే వెనక వరండాలో కొలతలు మొదలయ్యాయి. దర్జీ బండి మీద నిటారుగా కూర్చుని, మోచేతులు కొద్దిగా వంచి, లేని హ్యాండిల్‌ని పట్టుకున్నట్టు గాలిలో పిడికిళ్ళు పెట్టాడు. భార్య టేపు పట్టుకుని పాత హ్యాండిల్ నుంచి పిడికిలి దాకా ఎత్తు కొలిచి చెప్పింది. నాలుగు ఇంచులు పైకి, రెండు ఇంచులు వెనక్కి. దర్జీ ఖాకీ కాగితం పరిచి, సుద్దతో గీసి, నిజమైన కొలతలో ఒక హ్యాండిల్ కత్తిరించాడు. మర్నాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళాడు.

దుకాణదారు పెద్దమనిషి. అయినా ఆ కాగితాన్ని బల్ల మీద పరిచేసరికి నవ్వు ఆపుకోలేకపోయాడు. "హ్యాండిల్ కావాలని వచ్చినవాళ్ళని చూశాను గానీ, హ్యాండిల్‌కి ప్యాటర్న్ తెచ్చినవాడివి నువ్వొక్కడివే." కానీ గోడకి వేలాడుతున్న వాటిలో మూడోది తీసి కాగితం మీద పెడితే గీత మీద గీత పడింది. దర్జీ మీసం లేకపోయినా మెలేసినంత పని చేశాడు.

గ్రిప్పులు కూడా కొన్నాడు, రబ్బరువి, నల్లవి, అరచేతికి మెత్తగా తగిలేవి. ఇక కేబుళ్ళు. హ్యాండిల్ పైకి లేచింది కాబట్టి పాతవి అందవు. క్లచ్చుకీ బ్రేకుకీ పొడుగువి తయారుగా దొరికాయి. వాటిని చూసి దర్జీ మొహం చిట్లించాడు. "ఇంత వదులా? అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టుంది." యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం కొలత ఇస్తే కట్టిస్తారు.

"నీ కొలత మీద ఇంకో రెండు ఇంచులు కలపనా?" అన్నాడు దుకాణదారు.

"ఎందుకు? నలభై ఏళ్ళ చెయ్యి ఇది. నేనిచ్చిన కొలత కొలతే."

"వదులుంటే పోయేదేముంది?"

"నా పరువు" అన్నాడు దర్జీ. దుకాణదారు పెన్సిలు చెవి మీద నుంచి తీసి ఏదో రాసుకున్నాడు.

శుక్రవారం, శనివారం దుకాణం ముందు 'పని ఉంది' అని బోర్డు పెట్టి దర్జీ వరండాలో కూర్చున్నాడు. పని ఉందని బోర్డు పెట్టి పని మానేసిన దుకాణం ఊళ్ళో అదొక్కటే. పెట్రోలు ట్యాంకు మీద గీతలు పడకుండా దానికి ముందే ఒక గలీబు కుట్టి తొడిగాడు. విప్పిన ప్రతి తీగకీ ఒక రంగు దారం కట్టాడు: లైటుకి ఎరుపు, హారనుకి పసుపు, ఇండికేటర్లకి ఆకుపచ్చ. ఏ బోల్టు ఎక్కడిదో సుద్దతో అంకెలు వేశాడు. అద్దాలు తీశాడు, లివర్లు వదులు చేసి జరిపాడు, ముప్ఫై ఏళ్ళ చెమటతో గట్టిపడిపోయిన పాత గ్రిప్పులని కుట్లు విప్పే బ్లేడుతో నిలువునా కోసి, తొక్క ఒలిచినట్టు ఒలిచేశాడు. నడిమధ్య నాలుగు బోల్టులు విప్పి పాత హ్యాండిల్ ఎత్తేసరికి బండి కొమ్ములూడిన ఎద్దులా నిలబడింది. విప్పడం ఎవడికైనా వస్తుంది, బిగించడమే అసలు పని.

స్విచ్చుల డబ్బా కదలకుండా ఉండాలంటే హ్యాండిల్‌కి ఒక చిన్న బెజ్జం వేయాలి. డ్రిల్లింగ్ మిషను ఉన్నది బామ్మర్ది దగ్గర. అడిగితే పరిగెత్తుకుంటూ తెచ్చాడు. "బాగా వెయ్యి బావా. రేపు నేను తోలుకునే బండి" అన్నాడు. బెజ్జం వేసేటప్పుడు హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నది కూడా వాడే.

గ్రిప్పుల దగ్గర మాత్రం మొగుడూ పెళ్ళాలకి మాటామాటా వచ్చింది. ఎడమది సబ్బునీళ్ళు రాయగానే సర్రున ఎక్కింది. కుడిదాన్ని ఎంత తోసినా సగంలో ఆగిపోయింది.

"రెండూ ఒకటి కాదేమోనండీ" అంది భార్య.

"గ్రిప్పులకి కుడీ ఎడమా ఏంటి, చెప్పులా?"

ఆవిడ రెండూ లాగేసి, రంధ్రాల్లోకి వేలు పెట్టి చూసి, తారుమారు చేసి ఇచ్చింది. యాక్సిలరేటరు తిరిగే గొట్టం హ్యాండిల్ మీద తొడిగి ఉంటుంది కాబట్టి అటువైపు గ్రిప్పు రంధ్రం పెద్దది. ఆ తర్వాత రెండూ మాట వినే పిల్లల్లా ఎక్కి కూర్చున్నాయి. దర్జీ దగ్గాడు. తప్పు ఒప్పుకోవడానికి అతనికున్న పద్ధతి అదే.

శనివారం సాయంత్రానికి బండి తయారైంది. క్లచ్చు కేబుల్, బ్రేకు కేబుల్ కొంచెం వంపు తిరిగి వేలాడుతున్నాయి గానీ, యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం ఒంటికి అతికినట్టు, ముడత లేకుండా నిలువుగా ఉంది. దర్జీ దాన్ని రెండుసార్లు నిమిరాడు. గ్రిప్పుల కింద సబ్బునీళ్ళు ఆరడానికి తెల్లారేదాకా బండిని అలాగే వదిలేశారు.

ఆదివారం పదింటికి బామ్మర్ది హెల్మెట్ చంకలో పెట్టుకుని దిగాడు. వాడికి కుర్చీ వేసి, టీ ఇచ్చి, దర్జీ బండిని వీధిలోకి తెచ్చి కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకే అందుకుంది. కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు. వీపు నిటారుగా ఉంది, మెడ భుజాల మీద హాయిగా నిలిచింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపించాయి.

"ట్రయల్ అయిపోయింది. ఎక్కు" అన్నాడు భార్యతో.

"ఎక్కడైంది? చొక్కా ట్రయల్ వేస్తే చేతులెత్తమంటారుగా. దీని చేత కూడా ఎత్తించండి" అందావిడ.

దర్జీ నవ్వి, హ్యాండిల్ ఎడమకి తిప్పాడు. బండి ఒక్కసారిగా గయ్యిమని అరిచింది. ఉలిక్కిపడి తిన్నగా పెట్టాడు. అరుపు ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ గయ్యిమంది. ఎదురింటి మేడ మీద నుంచి ఒక తల బయటికి వచ్చింది.

"ఎడమవైపు మలుపులు లేని దారి చూసుకో బావా" అన్నాడు బామ్మర్ది, టీ చప్పరిస్తూ.

దర్జీ గబుక్కున ఇంజను ఆపేశాడు. మలుపులో బండి తనంతట తానే ఉరికితే మనుషులు మిగలరు. స్పార్క్ ప్లగ్ విప్పి తుడిచాడు. కార్బరేటర్ మీద అనుమానపడ్డాడు. పెట్రోలులో నీళ్ళు కలిశాయన్నాడు. పది నలభై అయింది, పదకొండు అయింది, బండి మాత్రం ఎడమకి తిప్పినప్పుడల్లా అరుస్తూనే ఉంది. బామ్మర్ది నవ్వడం కూడా మానేశాడు. బావ మొహం చూస్తే వాడికే బాధేసింది.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ భార్య మెట్లు దిగి వచ్చింది. "ఏదీ, ఇంజను ఆపి ఒకసారి మెల్లగా తిప్పండి." దర్జీ తిప్పాడు. ఆవిడ యాక్సిలరేటర్ కేబుల్ మీద రెండు వేళ్ళు పెట్టింది. కాజా తీసే వేళ్ళు. దారం ఎక్కడ బిగిసిందో వాటికి చెప్పక్కర్లేదు.

"ఇది చంక దగ్గర పట్టేస్తోందండీ."

"ఏంటీ?"

"హ్యాండిల్ తిప్పుతుంటే కేబుల్ లాక్కుపోతోంది. మీరు చేత్తో యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా అదే ఇచ్చేసుకుంటోంది. దీనికి కొలత ఎలా తీశారు?"

"హ్యాండిల్ తిన్నగా పెట్టి తీశాను."

"పొడుగు చేతుల చొక్కాకి ఎలా తీస్తారు?"

పదమూడో ఏట దర్జీ పనిలో చేరిన మొదటి వారంలోనే గురువు నెత్తి మీద మొట్టి నేర్పిన పాఠం అది. చెయ్యి వేలాడేసి కొలిచావంటే, ఆ మనిషి వేలాడేసినంతసేపే చొక్కా బాగుంటుంది. చెయ్యి ఎత్తాడా, పట్టేస్తుంది.

"మోచెయ్యి వంచి" అన్నాడు దర్జీ నెమ్మదిగా.

"మనుషులందరికీ వంచి తీశారు. బండికి మాత్రం దించి తీశారు."

వీధిలో నిలబడి దర్జీ తల పట్టుకున్నాడు. అతని పరువంతా ఆ బిగుతు కేబుల్‌లోనే ఉంది, ఆ బిగుతే కొంప ముంచింది. వదులని వెక్కిరించిన రెండు కేబుళ్ళూ ఎటు తిప్పినా చక్కగా పనిచేస్తున్నాయి. కొత్తది తేవాలి, పాతది విప్పాలి, కొత్తది బిగించాలి. దుకాణం ఊరికి అటు చివర. టైము పదకొండుంపావు. ఓడిపోయానని ఒప్పుకోవడానికి అతను తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు.

బామ్మర్ది కుర్చీలోంచి లేచాడు. తాళంచెవి కోసం చెయ్యి చాపలేదు. "నువ్వు పాతది విప్పుతూ ఉండు బావా" అని, కొత్త హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, పైపులు మోసే తన స్కూటరెక్కి తుర్రుమన్నాడు. తెస్తే బండి పోతుందని వాడికి తెలియదా? తెలుసు. తెలిసే వెళ్ళాడు. బంగారంలాంటి బామ్మర్ది దొరకడం కూడా అదృష్టమే. దర్జీకి కళ్ళు చెమర్చాయి. పెట్రోలు వాసనకి అన్నాడు.

పావుగంటలో బామ్మర్ది తిరిగొచ్చాడు. "దుకాణం ఆదివారం మూసుంటుంది. పైన మేడ మీదే ఆయన ఇల్లుంటే తలుపు కొట్టా. రెండు ఇంచులు పొడుగుది కట్టించి మంగళవారం నుంచీ పక్కన పెట్టాడట. 'మీ బావ రాలేదేంటా అని చూస్తున్నా' అన్నాడు."

ముగ్గురూ కలిసి బిగించారు. బామ్మర్ది పట్టుకున్నాడు, దర్జీ తిప్పాడు, భార్య మధ్య మధ్యలో "ఇంకొంచెం వదలండి" అంటూ వచ్చింది. కేబుల్ వంపు తిరిగి కొంచెం వేలాడింది. దర్జీ కన్ను అటు పోయినా నోరు మెదపలేదు. ఇంజను స్టార్టు చేసి హ్యాండిల్ ఎడమకి చివరిదాకా తిప్పాడు. బండి మామూలుగా గుటగుటలాడింది. కుడికి తిప్పాడు. అదే గుటగుట. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే గ్రిప్పు టక్కున వెనక్కి వచ్చింది. రెండు బ్రేకులూ పట్టి చూశాడు, హారను కొట్టాడు. పదకొండూ యాభై.

"వెళ్ళిరండి. నేనిక్కడే ఉంటా. మెడ మీద చెయ్యి వేస్తే అక్క చెప్తుంది" అన్నాడు బామ్మర్ది.

ఊరు దాటి గుట్ట ఎక్కుడు మొదలయ్యేసరికి గాలి మొహానికి తగిలింది. పాత హ్యాండిల్ మీద గాలంతా నుదుటికే తగిలేది. మెడ ఎక్కడా లాగట్లేదు. దర్జీకి పాట పాడాలనిపించింది, భార్య వింటుందని మానుకున్నాడు.

"నెమ్మది! నెమ్మదండీ!" అని ఆవిడ వెనకనుంచి అరిచింది.

ఈ అరుపు అతనికి కొత్త కాదు. పెళ్ళయిన మొదటి ఆదివారం నుంచీ ఈ ఎక్కుడులో ఆవిడ ఇలాగే అరుస్తుంది, అతను ఇలాగే తగ్గిస్తాడు, పాపం భయపడుతోందని. భయపడుతూ కూడా తన కోసం వస్తోందని. ఇప్పుడూ చెయ్యి వదులు చేయబోతూ అలవాటుగా అద్దంలోకి చూశాడు. పాత హ్యాండిల్ మీద ఆ అద్దంలో తన మోచెయ్యి తప్ప ఏమీ కనపడేది కాదు. ఇప్పుడు అద్దం నాలుగు ఇంచులు లేచింది. అందులో భార్య మొహం ఉంది.

ఆవిడ నవ్వుతోంది. నోరారా, పళ్ళన్నీ కనపడేలా, జుట్టు ఎగిరి మొహాన పడుతుంటే పట్టించుకోకుండా నవ్వుతోంది. దుకాణంలో ఎన్నడూ చూడని నవ్వు. అతను చూస్తున్నాడని తెలియక, "నెమ్మదండీ బాబూ!" అని మళ్ళీ అరిచింది, కళ్ళు మెరిసిపోతుంటే.

ముప్ఫై ఏళ్ళు! ముప్ఫై ఏళ్ళు ఈ మనిషి వెనక ఇలా నవ్వుతుంటే తను భయమనుకుని బండి తగ్గించాడు. దర్జీకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, గుండె నిండిపోయింది. కుడి గ్రిప్పు ఇంకాస్త తిప్పాడు. వెనకనుంచి కెవ్వున కేక. అద్దంలో నవ్వు ఇంకా పెద్దదైంది.

గుట్ట మీద నీళ్ళ ట్యాంకు దగ్గర బండి ఆపి, తల కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. తిరిగింది. నొప్పి లేదు. బండి తనదే.

"ఎందుకాపారు?" అంది భార్య.

"ఇక్కడిదాకేగా పందెం. పద, వెనక్కి వెళ్దాం. మీ తమ్ముడు చూస్తుంటాడు."

"పందెం మీదీ వాడిదీ. మధ్యలో నాకేం సంబంధం? పోనివ్వండి."

"ఎక్కడికి?"

"అదేంటండీ, రోడ్డు అయిపోయిందా?"

దర్జీ ముందుకు చూశాడు. రోడ్డు అయిపోలేదు. గేరు వేశాడు.